వాక్యధ్యాన అభ్యాసం – ఐదవ పాఠం: ఉత్తరమంతా చదవాలి

గత పాఠంలో బైబిలులోని యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయాన్ని చదివి, అందులో దేవుడు తన ప్రజలకు ఏమి చెప్పాడో సొంత మాటల్లో వ్రాయమని అడిగాను. కడప, ప్రొద్దుటూరు, గుత్తి, నంద్యాల ప్రాంతాల నుండి వచ్చిన జవాబులన్నీ చదివాను. శ్రద్ధలో లోపం లేదు, కాని దాదాపు అందరూ "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని దేవుడు చెప్పిన 11వ వచనం దగ్గరే ఆగిపోయారు. ఆ అధ్యాయంలో 32 వచనాలున్నాయి. ముందున్న పదింటిని ఒక్క వాక్యంతో దాటేసినవారు, తరువాతి వాటిని అసలు ముట్టనివారే ఎక్కువ. ఈసారి ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక మొదలుపెట్టాలనుకున్నాను గాని, ఈ చిక్కు విడిపోకుండా అక్కడికి వెళితే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే 4వ అధ్యాయం 13వ వచనం దగ్గర కూడా ఇదే జరుగుతుంది. అందుచేత దానిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. చదివే ముందు ప్రార్థించడం, నోటుపుస్తకం దగ్గర ఉంచుకోవడం వంటివి మీకు సండే స్కూలు నాటి నుండి తెలిసినవే గనుక వాటి జోలికి పోను.

మనం 11వ వచనం దగ్గర ఎందుకు ఆగుతామో చెప్పడం కష్టం కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలో నుండి తీసుకునే వాగ్దాన కార్డు మీద చాలామందికి ఆ వచనమే వస్తుంది. గులాబీపూల బొమ్మ, దాని మీద బంగారు రంగు అక్షరాలు, అడుగున సంఘం పేరు. ఇంటికి రాగానే బీరువా తలుపుకు అంటిస్తాము. రోజూ కంటబడుతుంది గనుక కంఠతా వస్తుంది, కంఠతా వచ్చింది గనుక దాని అర్థం కూడా తెలుసుననుకుంటాము. కార్డు తీసుకోవద్దని నేను అనడం లేదు. అయితే ఆ కార్డులో పట్టక మిగిలిపోయిన మాటలలోనే విశ్వాసిని ఎదిగించే బలం ఉన్నదని నేను గట్టిగా నమ్ముతాను, వాటిని వదిలేసి వాగ్దానాన్ని మాత్రం పట్టుకొనే అలవాటు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్రెజరు, యూదా రాజైన యెకొన్యాను, రాజమాతను, అధిపతులను, శిల్పకారులను, కంసాలులను యెరూషలేము నుండి బబులోనుకు చెరపట్టుకొనిపోయాడు. యెరూషలేములోనే ఉండిపోయిన ప్రవక్త యిర్మీయా, అలా వెళ్ళినవారికి ఈ ఉత్తరం వ్రాసి, యెకొన్యా తరువాత రాజైన సిద్కియా పంపిన దూతల చేత అక్కడికి చేర్చాడు. దీనికి ముందరి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ఎదుట నిలబడి, రెండు సంవత్సరాలలోగా అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రకటించి, బబులోనుకు లోబడాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకొన్న కాడిని తీసి విరిచాడు. ఆ మాట వినడానికి ఎంత బాగుంటుందో ఆలోచించండి. ఇల్లు విడిచి పరాయి దేశంలో ఉన్నవారికి అంతకంటే తీపి కబురు ఏముంటుంది?

ఆ తీపి కబురుకు ఎదురుగా, "ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలములను అనుభవించుడి" అని 5వ వచనంలో దేవుడు చెప్పిస్తున్నాడు. అనంతపురం రైతులకు ఈ మాటను విడమరచి చెప్పనవసరం లేదు. ఏడాదిలో పొలం వదిలి వెళ్ళిపోవాలనుకొనేవాడు వేరుశనగ వేస్తాడు గాని చీనీ మొక్కలు నాటడు, ఎందుకంటే చీనీ చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. తోట నాటి దాని పండ్లు తినమన్నాడంటే, హనన్యా చెప్పిన రెండేళ్ల లెక్క అక్కడే తేలిపోయింది. అంతటితో ఆగక, పెండ్లిండ్లు చేసుకొని, కుమారులకు కుమార్తెలకు కూడా పెండ్లిండ్లు చేయమన్నాడు. 10వ వచనంలో గడువును సూటిగానే చెప్పాడు: డెబ్బై సంవత్సరాలు. ఆ ఉత్తరాన్ని చదివించుకొని విన్న పెద్దవారిలో అత్యధికులు తిరిగి రారు. వారికే, ఆ గడువు వినిపించిన వెంటనే, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న 11వ వచనం వస్తుంది. ఈ సంవత్సరంలోనే ఉద్యోగం దొరుకుతుందని, అప్పు తీరుతుందని చెప్పడానికి దేవుడు ఆ మాట పలకలేదు. నీ కష్టం నీ జీవితకాలంలో తీరకపోయినా, నీ విషయమై నా తలంపు మేలైనదే, నీ పిల్లల పిల్లలను నేను మరువను అని చెప్పడానికి పలికాడు. నా మట్టుకు నాకు ఇది కార్డు మీది అర్థం కంటే ఎంతో పెద్ద వాగ్దానంగా కనబడుతుంది.

ఆదోని నుండి ఒక సహోదరుడు, అలాగైతే ఈ వచనం యూదులదే గాని నాది కాదా అని కలవరపడుతూ వ్రాశారు. అన్నా, మీదే. దేవుని వాగ్దానములన్నీ క్రీస్తునందు అవునన్నట్టుగానే ఉన్నవని 2 కొరింథీయులకు 1:20లో పౌలు చెప్పాడు. అయితే క్రీస్తునందు అది మీదైనప్పుడు 5వ వచనం, 7వ వచనం కూడా మీవే అవుతాయి. ఒకటి ఉంచుకొని మిగతావి తిరిగి ఇచ్చేయడానికి వీలులేదు.

ఆ 7వ వచనాన్ని గుర్తించింది ఒక్కరే. రాయచోటి ప్రాంతం నుండి కువైట్‌కు వెళ్ళి ఇళ్ళల్లో పని చేసుకుంటున్న సోదరి ఆమె. చెరగా వెళ్ళిన పట్టణం క్షేమాన్ని కోరి, దాని కొరకు ప్రార్థన చేయమన్న మాట చదివి, తాను పని చేసే ఇంటివారి పేర్లు ఇంతవరకు ప్రార్థనలో ఎత్తలేదని, ఆ రాత్రి మొదటిసారి ఎత్తానని రెండు వాక్యాలు వ్రాసింది. వాక్యం చదివి ఎదగడమంటే ఏమిటని అడిగేవారికి నేను ఆ రెండు వాక్యాలనే చూపిస్తాను.

11వ వచనం తరువాతి భాగాన్ని వదిలేసినవారు షెమయాను చూడలేకపోయారు. బబులోనులో ఉన్న ఈ షెమయా, యిర్మీయా ఉత్తరం మీద కోపగించి, అతనిని బొండలో (శిక్షగా కాళ్ళు బిగించే కొయ్యలో) వేయించలేదేమని యెరూషలేములోని యాజకునికి ఫిర్యాదు వ్రాశాడు. అతని అభ్యంతరం 28వ వచనంలో ఉంది: చెర దీర్ఘకాలముండునని, ఇండ్లు కట్టుకొమ్మని యిర్మీయా వ్రాశాడట. అంటే, ఈ ఉత్తరంలో మనం దాటవేసే భాగమే ఆనాడు అతనికీ నచ్చలేదు. చెరగా బబులోనుకు వెళ్ళిన దానియేలు మాత్రం వేరుగా చదివాడు. తన గ్రంథం 9వ అధ్యాయంలో, డెబ్బై సంవత్సరాల గురించి యిర్మీయాకు వచ్చిన మాటను గ్రంథముల ద్వారా గ్రహించి, అతడు ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకొని, తన ప్రజల పాపాన్ని ఒప్పుకొన్నాడు.

నేను వాడే పద్ధతి చిన్నది. ఒక వచనం మనసుకు తగిలితే, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసేవరకు వెనక్కి వెళతాను, ఆ మాట విన్నవారు ఏమి చేశారో తెలిసేవరకు ముందుకు వెళతాను. రంగు పెన్నులకు బదులు పెన్సిలు వాడతాను, ఎందుకంటే రంగు వేసిన వచనం మాత్రమే మరుసటిసారి కంటికి కనబడుతుంది. ఫోనులో రోజుకొక వచనం పంపే యాప్‌లను అధ్యయనానికి వాడవద్దని నా సలహా.

ఈసారి అభ్యాసం బరువైనదే, పది రోజులు తీసుకోండి. యిర్మీయా 27, 28, 29 అధ్యాయాలను ఒకే విడతలో, మధ్యలో లేవకుండా, మూడు వేర్వేరు రోజులు చదవండి. తరువాత మీరు ఆ చెరలో ఉన్న తండ్రి లేక తల్లి అనుకొని, యిర్మీయాకు ఒక పేజీ జవాబు వ్రాయండి. కోపం వస్తే కోపంగానే వ్రాయండి. మిగిలిన రోజులలో, మీరు ఉండడానికి ఇష్టపడని చోటు ఏదో, అది అద్దె ఇల్లయినా, బదిలీ మీద వెళ్ళిన ఊరైనా, అత్తగారిల్లయినా, ఆ చోటి మనుషుల పేర్లు వ్రాసుకొని, రోజూ పేరుపేరునా వారి క్షేమం కోసం ప్రార్థించండి. పేర్లు నాకు పంపవద్దు, ఉత్తరం మాత్రం పంపండి. అందులో 10వ వచనం ప్రస్తావన లేకపోతే తిప్పి పంపుతాను.