జోనంగి కుక్కపిల్లను తెచ్చుకునే ముందు

మా మామయ్య కొల్లేరు లంకల్లో బాతులు మేపేవాడు. సాయంత్రం ఈల వేస్తే చాలు, మా కుక్క గౌరి నీళ్లలోకి దూకి, మంద వెనక నుంచి చుట్టూ ఈది, ఒక్క బాతునీ కరవకుండా గట్టుకు తోలుకొచ్చేది. జోనంగి జాతి కుక్క అంటే నాకు అదే.

ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు. మొరగడం తక్కువ, సాగదీసి పాడినట్టు కూస్తుంది. బాతుల మందలు పోయి చేపల చెరువులు వచ్చాక, గట్లు తవ్వుతున్నాయనీ చేపలు తింటున్నాయనీ వీటికి విషం పెట్టి చంపారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

తవ్వడం దాని స్వభావం. గొయ్యి తీసి ఆ చల్లదనంలో పడుకుంటుంది. తిట్టకండి, పెరట్లో నీడపట్టున ఓ మూల దానికి వదిలేయండి. రోజంతా గొలుసుతో కట్టేసేటట్టయితే దయచేసి తెచ్చుకోవద్దు. పొద్దునా సాయంత్రం పరుగెత్తించాలి. ఈత కుదిరితే మరీ మంచిది.

6 వారాలు దాటాక పార్వో (కుక్కపిల్లలకు వచ్చే ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బు) టీకా మొదలుపెట్టించండి, 3 నెలలకు రేబిస్ టీకా. బూస్టర్లు, నట్టల మందు డాక్టరు చెప్పిన లెక్కన. ఉడికించిన ఎముకలు పెట్టొద్దు, విరిగి పేగులకు గుచ్చుకుంటాయి.

గోమార్ల కోసం రోజూ చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో వెతకండి. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి. కిరసనాయిలు పొయ్యకండి, చర్మం కాలుతుంది.

ఒక్క మనిషికే అతుక్కుపోయే కుక్క ఇది. అందుకే పిల్లగా ఉన్నప్పుడే ఇంట్లో అందరూ వంతులవారీగా అన్నం పెట్టండి.