పుంత రోడ్డులో దిగబడ్డ లారీని వించ్‌తో ఎలా తియ్యాలి

సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యి బస్తాలు ఎత్తే టైంలో ఒక్క వాన పడిందంటే చాలు, మా కోనసీమలో ఏదో ఒక పుంతలో (పొలాల మధ్య మట్టి దారిలో) లారీ దిగబడే ఉంటాది. నాకు ధాన్యం, కొబ్బరికాయలు తోలే బండి ఉంది, అంబాజీపేట మార్కెట్‌కి ఎక్కువ తిరుగుతా, అలా నా బండీ దిగబడింది, పక్కోళ్ళవి చాలా లాగాను కూడా. ఈ పనిలో మనుషులకి దెబ్బలు తగలడం చూశా కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు నేల సంగతి. మనది గోదారి తెచ్చి పోసిన ఒండ్రు, పైన ఎండి గట్టిగానే కనపడుద్ది, జానెడు కిందకి వెళ్తే జిగురు బంక. చక్రం దిగాక ఆ బంక టైరునీ హౌసింగ్‌నీ (వెనక చక్రాల మధ్య ఉండే ఇరుసు గూడుని) పీల్చి పట్టుకుంటాది, అంటే బండి బరువొక్కటే కాదు ఆ పట్టు కూడా మనం లాగాలి. అందుకే చక్రం ఒక్కసారి ఊరికే తిరిగిందంటే వెంటనే యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీసెయ్యండి. ఇంకోసారి రేజ్ చేద్దాం వచ్చేస్తాదేమో అనుకుంటాం గానీ రాదు, వెనక జంట టైర్ల మధ్య మట్టి దూరి గుండ్రాయిలా అయిపోద్ది, రెండు నిమిషాల్లో హౌసింగ్ నేల మీద కూర్చుంటాది. అప్పటిదాకా గంట పని, అక్కడి నుంచి పూట పని.

రెండోది లోడు, దీని దగ్గరే అందరూ బద్ధకిస్తారు. లెక్క చూడండి, మన వైపు బస్తా అంటే 75 కేజీలు, 100 బస్తాలు దించితే ఏడున్నర టన్నులు తగ్గినట్టు. ఆరు చక్రాల లారీ లోడుతో 18 టన్నుల దాకా తూగుద్ది. వించ్ అంటే డ్రమ్ముకి చుట్టిన రోప్‌తో బండిని లాగే మిషను, జీపులకి బిగించేవి లాగే కెపాసిటీని బట్టి 9500 పౌండ్లు, 12000 పౌండ్లు అని వస్తాయి, పెద్దదే అనుకున్నా అది 5.4 టన్నులు. మిలిటరీలో రికవరీ చేసేవాళ్ళ లెక్క ప్రకారం చక్రాల మేర కూరుకున్న బండిని కదపడానికి దాదాపు దాని బరువంత లాగుడు కావాలి, బాడీ దాకా దిగితే రెండింతలు, క్యాబిన్ దాకా అయితే మూడింతలు. ఇప్పుడు చెప్పండి, లోడు దించకుండా జీపు వించ్ పెట్టి లాగుదాం అంటే ఎక్కడ కుదురుద్ది? కూలోళ్ళకి డబ్బులు ఎక్కువవుతాయని ఓనరు గొణుగుతాడు, గొణగనివ్వండి, తెగిన రోప్ కన్నా ఆ కూలి చవక.

లోడు దిగాక పార పట్టాలి. చక్రాల ముందర (వెనక్కి లాగేటట్టయితే వెనక) వాలుగా దారి చెక్కండి, చక్రం నిటారు గోడ ఎక్కకూడదు, ఏటవాలు ఎక్కాలి. హౌసింగ్ కింద మట్టి తప్పనిసరిగా తియ్యాలి, చాలామంది చక్రాల దగ్గర తవ్వి ఇది వదిలేస్తారు, బండిని పట్టుకునుండేది మాత్రం అదే. గునపంతో టైరు పక్కనే పొడిచి గాలి లోపలికి పోయేలా చేస్తే ఆ పీల్పు వదులుద్ది. గుంటలో నీళ్ళుంటే చిన్న బోదె (పిల్ల కాలవ) తీసి పల్లానికి వదిలెయ్యండి. తర్వాత చక్రాల కింద కొబ్బరి డొక్కలు, మట్టలు, పైన తాటి పట్టెలు అడ్డంగా వెయ్యండి, మన ఊళ్ళలో ఇవి దొరకని చోటు లేదు. ఎండుగడ్డి ఒక్కటే వేస్తే జారుద్ది. జాకీ పెట్టాలంటే కింద వెడల్పాటి చెక్క లేకుండా పెట్టొద్దు, జాకీయే దిగిపోద్ది, జాకీ మీదున్న బండి కిందకి మాత్రం ఎవరూ దూరొద్దు.

చిన్న బండ్లకి, అంటే బొలెరో పికప్ లాంటివాటికి, లోడు దించేశాక గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుద్ది, బయటపడ్డాక మెల్లగా నడిపి మళ్ళీ కొట్టించుకోవాలి. లోడున్న లారీకి ఈ పని చెయ్యకండి, టైరు రిమ్ము మీంచి ఊడొస్తాది.

సగం కేసుల్లో ఇక్కడికే బండి దానంతట అదే వచ్చేస్తాది. రాకపోతే అప్పుడు వించ్.

వించ్‌ని దేనికి కట్టాలి అన్నది మన డెల్టాలో పెద్ద తలనొప్పి. కరెంటు స్తంభానికి ఎప్పుడూ కట్టొద్దు, కాలవ గట్టు మీద గునపాలు పాతి కట్టొద్దు, తడిసిన గట్టు జారిపోద్ది. కనపడేది కొబ్బరి చెట్టే. దానికి తల్లి వేరు ఉండదు, పీచు వేళ్ళు గుబురుగా ఉంటాయి, ఎండిన నేలలో బాగానే ఆగుద్ది గానీ బోదె పక్కన వంగి ఉన్న చెట్టుని నమ్మొద్దు. తాటిచెట్టు ఉంటే అది మేలు. ఏ చెట్టయినా మొదట్లో, నేలకి దగ్గరగా, వెడల్పు బెల్టుతోనే కట్టాలి, వైర్ రోప్ నేరుగా చుట్టొద్దు. కొబ్బరి మానుకి గాయం పడితే మామిడికో చింతకో పూడినట్టు పూడదు, చెట్టు ఉన్నన్నాళ్ళూ ఆ గాటు అలాగే ఉంటాది, ఎవరిదో తోట అది, వాళ్ళకి చెప్పి కట్టండి. ఒక్క చెట్టు మీద అనుమానం ఉంటే రెండు మూడు చెట్లకి కలిపి కట్టండి. చెట్టే లేకపోతే దుంగనో స్టెప్నీనో మూడడుగుల గోతిలో లాగుడుకి అడ్డంగా పాతి బెల్టు దానికి కడతారు, మన దగ్గర మూడడుగులు తవ్వేసరికి ఊట వచ్చేస్తాది కాబట్టి మెరక చూసుకుని తవ్వాలి.

వించ్‌కి రాసిన కెపాసిటీ డ్రమ్ము మీద మొదటి వరసదే. రోప్ వరస మీద వరస చుట్టుకునే కొద్దీ బలం తగ్గుద్ది, అందుకని దూరంగా ఉన్న చెట్టుకి కట్టి రోప్ ఎక్కువ బయటికి తియ్యడం మంచిది. అలాగని మొత్తం విప్పెయ్యొద్దు, వైర్ రోప్ అయితే డ్రమ్ము మీద కనీసం 5 చుట్లు, ప్లాస్టిక్ రకం తాడైతే ఒక 10 ఉంచాలి. బలం చాలకపోతే కప్పీ వాడండి, అదే స్నాచ్ బ్లాక్. రోప్‌ని చెట్టు దగ్గరున్న కప్పీలోంచి తిప్పి తెచ్చి మళ్ళీ బండి చాసిస్ హుక్కుకే కడితే లాగుడు ఇంచుమించు రెట్టింపు, స్పీడు సగం. ఇక్కడొకటి గుర్తు పెట్టుకోవాలి, ఆ రెట్టింపంతా చెట్టు మీద, బెల్టు మీద, షాకిల్ (రోప్‌నీ బెల్టునీ కలిపే ఇనప లింకు) మీద కూడా పడుద్ది, కాబట్టి అవి దానికి తగ్గవి ఉండాలి. షాకిల్ మీద టన్నులు అచ్చేసి ఉంటాయి, అచ్చు లేనిది కొనకండి. బంపరుకి, స్ప్రింగు పట్టీలకి కట్టొద్దు, చాసిస్‌కి ఉన్న హుక్కుకే కట్టాలి. రోప్‌ని చెట్టు చుట్టూ తిప్పి దాని హుక్కు దానికే తగిలించడం కూడా తప్పు, రోప్ నలిగి అక్కడే తెగుద్ది.

లాగేటప్పుడు జనాన్ని దూరం పంపడమే అసలు పని. మన ఊళ్ళలో లారీ దిగబడిందంటే సగం ఊరు వస్తాది, పిల్లలు రోప్ మీంచి దూకుతుంటారు. ఒకసారి రొయ్యల పట్టుబడికి వచ్చిన బండిని రాత్రి పూట ట్రాక్టర్‌కి పాత పడవ మోకు కట్టి జర్కులిచ్చి లాగాం, మూడో జర్కుకి హుక్కు ఊడి తిరిగొచ్చి అద్దం పగలగొట్టి క్లీనర్ సీట్లో పడింది, కుర్రాడు టీ తాగుదామని అప్పుడే దిగాడు. ఆ మోకు కట్టింది నేనే. అందుకే చెప్తున్నా, బిగిసున్న రోప్ పొడవెంతో దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి అందరూ, రోప్ దాటడాలు ఉండకూడదు, రోప్ మధ్యలో తడిపిన గోనెసంచి వెయ్యండి, తెగినా విసురు కొంత తగ్గుద్ది. చేతికి తోలు గ్లౌజులు వేసుకోండి. చెయ్యి ఊపేవాడు ఒక్కడే ఉండాలి, పదిమంది పది రకాలుగా అరిస్తే డ్రైవర్ ఎవరి మాట వినాలి?

రోప్ ముందు మెల్లగా బిగించి ఆపి, ముడులూ షాకిళ్ళూ అన్నీ ఒకసారి చూసి, అప్పుడు లాగాలి. వీలుంటే బండి వచ్చిన దారినే వెనక్కి లాగండి, అటు నేల అప్పటికే అణిగి ఉంటాది. డ్రైవర్ ఫస్ట్ గేర్లో (వెనక్కైతే రివర్స్‌లో) చక్రం నెమ్మదిగా తిప్పుతూ సాయం చెయ్యాలి, దాంతో లాగుడు బాగా తేలికవుద్ది. కరెంటు వించ్ అయితే ఇంజిన్ ఆన్‌లోనే ఉంచండి, నిమిషం లాగి కాసేపు ఆపి మోటారు చల్లారనివ్వండి, లేకపోతే బ్యాటరీ పడుకుంటాది.

వించ్ లేదు ట్రాక్టరే ఉంది అంటే, తాడు కింద డ్రా బారుకే (ట్రాక్టర్ వెనక కింద ట్రాలీ తగిలించే పట్టీకే) కట్టండి. పైన లింకుకో ఎత్తులో ఇంకెక్కడో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుద్ది, డ్రైవర్ దూకే టైం కూడా ఉండదు.

చెరువు గట్ల మీద జారిన బండి వేరే కథ. భీమవరం, ఆకివీడు వైపు రెండు పక్కలా చెరువులే, మధ్యలో బండి పట్టేంత గట్టు. ఒక పక్కకి ఒరిగిన లారీని ముందుకి లాగితే ఇంకా జారి నీళ్ళలో పడుద్ది. ముందు మెరక వైపు నుంచి బాడీకి పైన బెల్టు వేసి చైన్ పుల్లీతో బిగించి పట్టుంచి, అప్పుడు ముందుకి లాగాలి. ఏరేటర్ల (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే మిషన్ల) వైర్లు చాలా చోట్ల కిందకి వేలాడుతుంటాయి, రైతుకి చెప్పి కరెంటు తీయించాకే రోప్ ముట్టుకోండి. బండి సగం పైన ఒరిగి ఉంటే మాత్రం ప్రయత్నం చెయ్యకండి, క్రేన్‌కి ఫోన్ చెయ్యండి.

బయటికొచ్చాక వెంటనే రోడ్డెక్కి స్పీడు పెట్టొద్దు. బ్రేకు డ్రమ్ములో బురద ఉంటే బ్రేకు పట్టదు, మెల్లగా నడుపుతూ నాలుగుసార్లు బ్రేకు తొక్కి చూడండి. రోప్ మంచినీళ్ళతో కడిగి, ఆరాక వరసగా, కాస్త బిగువు మీద చుట్టుకోండి, ఉప్పునీటి చెరువుల దగ్గర వాడితే ఆ రోజే కడగాలి. వైరు పోగులు లేచి ఉంటే ఆ రోప్ పక్కన పెట్టెయ్యండి. ఇంటికెళ్ళే ముందు మనం తవ్విన గుంటలు, తెగ్గొట్టిన బోదె పూడ్చి వెళ్ళండి, తెల్లారితే ఆ పుంతలోనే ఇంకో రైతు బస్తాలు తోలుకోవాలి.