మసి పూసే ముందు: తొలి పారిశ్రామిక కాలపు మోడల్ రైల్వే కట్టేవాళ్లకు జాగ్రత్తలు

డీజిల్, కరెంటు ఇంజిన్ల కాలాన్ని ఎంచుకుని మోడల్ రైల్వే కట్టేవాళ్ల పని కాస్త శుభ్రంగానే సాగిపోతుంది. 1800 నుంచి 1830 దాకా ఉన్న బ్రిటన్‌ని ఎంచుకున్నారంటే మాత్రం బొగ్గు గని, ఇనుప కొలిమి, నూలు మిల్లు, బూడిద దిబ్బలు... ఎటు చూసినా మసే. ఈ థీమ్‌కి అందం తెచ్చేది ఆ మసే, ఇంజిన్ మోటారునీ మన ఊపిరితిత్తుల్నీ పాడుచేసేదీ ఆ మసే. ప్లాస్టిక్‌ని పోత ఇనుమనీ, అట్టముక్కని ఇటుక గోడనీ చూసేవాళ్లని నమ్మించాలి. ఒకరకంగా మసిపూసి మారేడుకాయ చేయడమే ఈ హాబీ. కాబట్టి మురికి కంటికి కనిపిస్తే చాలు, నిజమైన మురికి రైల్వే కట్టే బోర్డు మీదికి రానక్కర్లేదు. కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ మాట మీద ఆధారపడినవే.

ముందుగా ఏ ఏడాదో తేల్చుకోండి

ఇది జేబుకి సంబంధించిన జాగ్రత్త. "తొలి ఆవిరి కాలం" అనుకుని కొనడం మొదలుపెడితే, కొన్నవాటిలో సగం ఒకదానితో ఒకటి కలవవు.

1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం దగ్గర రిచర్డ్ ట్రెవితిక్ తయారుచేసిన ఆవిరి ఇంజిన్ 10 టన్నుల ఇనుమునీ, ఎక్కి కూర్చున్న మనుషుల్నీ సుమారు 9 మైళ్లు లాక్కెళ్లింది. ఆ బరువుకి పోత ఇనుప పట్టాలు అక్కడక్కడా విరిగాయి. ఆ పట్టాలు 'ఎల్' అక్షరం ఆకారంలో ఉండేవి. పక్కకి జారకుండా ఆపే అంచు పట్టాకే ఉండేది, చక్రానికి కాదు. ఇప్పుడు మనకి దొరికే మోడల్ చక్రాలన్నిటికీ అంచు చక్రానికే ఉంటుంది. అంటే 1804 నాటి లైన్‌ని నిక్కచ్చిగా కట్టాలంటే పట్టాలూ చక్రాలూ రెండూ మీరే చేసుకోవాలి. 1812లో లీడ్స్ దగ్గర మిడిల్టన్ రైల్వే మీద నడిచిన బ్లెంకిన్‌సాప్ పద్ధతి ఇంకో తలనొప్పి. అక్కడ ఒక పట్టా పక్కన పళ్లుంటే, వాటిలో ఇంజిన్ పళ్లచక్రం దిగి బండిని లాగేది. మీరు కట్టే మొదటి లేఔట్ (బోర్డు మీది రైల్వే మొత్తం) అయితే 1825లో మొదలైన స్టాక్టన్-డార్లింగ్టన్ రైల్వే, లేదా 1830 నాటి లివర్‌పూల్-మాంచెస్టర్ రైల్వే కాలం ఎంచుకోండి. అంచున్న చక్రాలు అప్పటికి వచ్చేశాయి, రెడీమేడ్ సరుకు కొంతైనా పనికొస్తుంది.

ఏడాది తేలాక దాని తర్వాత పుట్టినవి బోర్డు మీదకి రాకుండా చూసుకోండి. ముడతల ఇనుప రేకుకి పేటెంట్ వచ్చిందే 1829లో, కాబట్టి 1815 నాటి గని షెడ్డు మీద ఆ రేకు పెడితే తెలిసినవాళ్లు నవ్వుతారు. చేతులు పైకీ కిందకీ ఊపే సిగ్నల్ స్తంభాలు రైల్వేల్లోకి 1840ల్లో గానీ రాలేదు. దీంతో ప్రాణం మీదకేం రాదు గానీ, నెలల తరబడి కట్టింది పీకాల్సివస్తే ఆ బాధ వేరు.

పట్టాల మధ్య మట్టి, బూడిద

ఆ రోజుల్లో చాలా లైన్ల మీద పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్ దుంగలు ఉండేవి కావు. ప్రతి పట్టా కింద విడివిడిగా రాతి దిమ్మలు ఉండేవి. మధ్యలో గుర్రం నడవాలి కదా, స్లీపర్లుంటే కాలికి తగులుతాయి. అందుకని మనం మామూలు మోడల్ పట్టా వేసి, స్లీపర్లు కనపడకుండా మధ్యలో మట్టి రంగు పొడి నింపేస్తాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. పట్టాలు తప్పే గొడవలు కూడా ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

పొడిని పట్టా తల దాకా నింపకండి. చక్రం అంచు దిగడానికి లోపలివైపు కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు లోతు వదలాలి. జిగురు పోసేముందు ఒకసారి, పోశాక ఆరకముందే ఇంకోసారి, ఖాళీ వ్యాగన్‌ని వేలితో నెట్టుకుంటూ లైన్ మొత్తం తిరగండి. ఎక్కడ గరగరమంటే అక్కడ పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. ఆరాక తీయాలంటే ఉలితో గీకాలి. పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోట, కదిలే పట్టా (బ్లేడు) చుట్టుపక్కల మాత్రం పొడి వద్దు, జిగురు అసలే వద్దు. అక్కడ మట్టి రంగు వేసి ఊరుకోండి.

ఇంకో సంగతి. నిజమైన బూడిద, నిజమైన తుప్పు, ఎక్కడో తవ్వితెచ్చిన ఇసుక వాడితేనే సహజంగా ఉంటుందని కొందరు చెబుతారు. ఈ సలహా నాకు అస్సలు నచ్చదు. వాటిలో ఇనుప రజను ఉంటే ఇంజిన్ మోటారులోని అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది. ఒకసారి లోపలికి పోయిందంటే ఇంజిన్ విప్పడం తప్ప మార్గం లేదు. వాడే తీరాలనుకుంటే పొడిని తెల్ల కాగితం మీద పల్చగా పరవండి. కాగితం కింద అయస్కాంతాన్ని మెల్లగా జరపండి. పొడిలో కొన్ని రేణువులు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని అయస్కాంతం వెంట నడుస్తాయి. అవి కనపడితే ఆ పొడి చెత్తబుట్టకే. అవి లేని పొడైనా తడి తగలకుండా ఎండబెట్టి, జల్లించి వాడాలి.

జిగురు నీళ్లు పోసే రోజు ముందుగా ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. పీవీఏ జిగురులో (చెక్కకి వాడే తెల్ల జిగురు) నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వేస్తాం. అది రంధ్రాల్లోంచి కారి బోర్డు కింద ఉన్న కనెక్షన్ల మీద పడుతుంది. పూర్తిగా ఆరాకే, అంటే కనీసం ఒక రోజు గడిచాకే, మళ్లీ కరెంటు ఇవ్వండి.

దుమ్ము

బొగ్గు వ్యాగన్లలో నిజం బొగ్గు వేయడం మాత్రం నాకూ ఇష్టమే. ప్లాస్టిక్ బొగ్గుకి ఆ మెరుపు రాదు. కాకపోతే దాన్ని గుడ్డలో చుట్టి, కొద్దిగా తడిపి, ఆరుబయట పగలగొట్టాలి. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. మసి రంగు కోసం వాడే పిగ్మెంట్ పొడులు, గీకిన పాస్టెల్ రంగులు ఇంకా సన్నగా ఉంటాయి. వాటిని ఊదకండి. ఎక్కువైన పొడిని బ్రష్‌తో దులిపేబదులు తడిగుడ్డ మీదకి తట్టండి. ఎండీఎఫ్ చెక్క (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక) కోసేటప్పుడు వచ్చే దుమ్ముకి గుడ్డ మాస్క్ చాలదు, ఎఫ్‌ఎఫ్‌పీ2 లేదా ఎన్95 రకం పెట్టుకోండి.

గుట్టలు, గని దిబ్బలు చెక్కడానికి వాడే ఫోమ్‌ని వేడి తీగతో కోస్తే స్టైరీన్ పొగ వస్తుంది. కిటికీలు తీసి, ఫ్యాన్ గాలి మీ మొహం నుంచి బయటికి వెళ్లేలా పెట్టుకోవాలి. దిబ్బల మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వేస్తుంటే, గట్టిపడేటప్పుడు అది బాగా వేడెక్కుతుందని గుర్తుంచుకోండి. చేతి అచ్చు తీద్దామని సరదాకి కూడా అందులో చెయ్యి ఉంచకండి, చర్మం కాలిపోయేంత వేడి పుడుతుంది. మిగిలింది సింకులో పోయకండి, పైపులో రాయి అవుతుంది. స్ప్రే పెయింట్ ఆరుబయటే కొట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

టంకం, బరువు, బ్లేడు

ఈ కాలానికి చెందిన ఇంజిన్లు, బొగ్గు మోసే చాల్డ్రన్ వ్యాగన్లు ఎక్కువగా వైట్‌మెటల్ (తక్కువ వేడికే కరిగే మెత్తటి లోహం) కిట్లుగానో, ఇత్తడి రేకు కిట్లుగానో దొరుకుతాయి. వైట్‌మెటల్‌కి మామూలు సోల్డరింగ్ ఐరన్ ఆనించారంటే వ్యాగన్ పక్కపలక మీ కళ్లముందే కరిగి ముద్దవుతుంది. దీనికి 70 డిగ్రీలకే కరిగే టంకం, వేడి తగ్గించుకోగలిగే ఐరన్ కావాలి. ఆ టంకంలో సీసం ఉంటుంది, కొన్ని రకాల్లో కాడ్మియం కూడా ఉంటుంది. అందుకని అవసరానికి మించి వేడి చేయొద్దు. బల్ల మీద తిండి, టీ కప్పు పెట్టొద్దు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. టంకం బాగా అంటుకోవడానికి వాడే రోజిన్ ఫ్లక్స్ పొగ ఆస్తమా తెప్పించగలదు, ఉన్నవాళ్లకి ఎక్కువ చేస్తుంది. పని మీదకి వంగి పొగ పీల్చకండి. ఐరన్ చేయి జారితే పడనివ్వండి, పట్టుకోబోకండి. నేల మీద మచ్చ పడితే పడింది. బ్లేడు విషయంలోనూ అంతే. బ్లేడు పిడి దొర్లకుండా చిన్న టేపు ముక్క అంటిస్తే సగం గొడవ ఉండదు. ఇత్తడి ఫ్రేమ్ నుంచి చిన్న భాగం కత్తిరించేటప్పుడు దాన్ని వేలితో అదిమి పట్టుకోండి, లేకపోతే ఎగిరి కంట్లో పడుతుంది.

ఈ ఇంజిన్లు చాలా చిన్నవి, తేలిక. నాలుగు వ్యాగన్లు తగిలిస్తే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకని బాయిలర్ లోపల సీసం గుళ్లు నింపుతారు. గుళ్లు కదలకుండా పీవీఏ జిగురు మాత్రం పోయకండి. మొదట్లో ఏమీ కనపడదు. ఆ తర్వాత నెలలకో, ఏళ్లకో సీసం లోపల తెల్లగా పొంగుతుంది. బాయిలర్ అతుకు విచ్చుకుంటుంది, ప్లాస్టిక్ గోడలు బయటికి ఉబ్బుతాయి. కష్టపడి రంగు వేసిన మోడల్ అలమారులో ఉండగానే పగిలిపోతుంది. ఎపాక్సీతో అంటించండి, లేదా సీసం బదులు టంగ్‌స్టన్ ముక్కలు వాడండి. ఖరీదు ఎక్కువే, కానీ చేతికి సీసం అంటదు.

సూపర్ గ్లూ వాడేటప్పుడు నూలు గుడ్డ దగ్గర పెట్టుకోకండి. దూదికి, నూలుకి అది ఎక్కువగా తగిలితే ఒక్కసారిగా వేడి పుట్టి పొగ వస్తుంది. వేళ్లు అతుక్కుంటే గుంజొద్దు, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి.

కరెంటు

బోర్డు మీదకి వచ్చేది 12 వోల్టుల డీసీనో, డీసీసీ (ఒక్కో ఇంజిన్‌నీ డిజిటల్ సంకేతాలతో విడిగా నడిపే పద్ధతి) అయితే 15 వోల్టుల దగ్గరో ఉండాలి. గోడ ప్లగ్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాతోనే ఆగిపోవాలి. ఆ డబ్బాని బోర్డు కింద ఇరికించకుండా గాలి తగిలేచోట పెట్టండి. సెకండ్‌హ్యాండ్‌లో ముచ్చటగా కనపడే పాత ఇనుప డబ్బా కంట్రోలర్లు కొనకండి. లోపల వైరు పైతొడుగు పెళుసైపోయి ఉంటుంది.

వోల్టులు తక్కువ కదా, షాక్ కొట్టదు కదా అని డీసీసీని తేలిగ్గా తీసుకోవద్దు. 15 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 75 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 నుంచి 40 వాట్లే. షార్ట్ అయినచోట ఆ వేడంతా ఒకే బిందువు దగ్గర పుడితే ప్లాస్టిక్ వ్యాగన్ కరుగుతుంది. దీనికి నాణెం పరీక్ష చేయండి. కరెంటు ఇచ్చి, రెండు పట్టాలకీ తగిలేలా ఒక నాణెం పెట్టాలి. పట్టాలకి కరెంటు పంపే బూస్టర్ డబ్బా వెంటనే ట్రిప్ అవ్వాలి. ప్రతి అడుగుకీ ఇలా చూడండి. ఎక్కడైనా ట్రిప్ కాకపోతే వైర్లు సన్నగా ఉన్నట్టు, లేదా కనెక్షన్ వదులుగా ఉన్నట్టు. నాణేన్ని తక్షణం తీసేయండి, చెక్క పిడి ఉన్నదేదైనా వాడి తోయండి.

ఈ కాలపు ఇంజిన్లకి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇంకోటుంది. రెండే ఇరుసులు, వాటి మధ్య దూరం తక్కువ. పాయింటు మధ్యలో ఫ్రాగ్ (రెండు లైన్ల పట్టాలు కలుసుకునే ముక్క) ప్లాస్టిక్‌ది అయితే, ఇంజిన్ సరిగ్గా దాని మీదకొచ్చి చచ్చినట్టు ఆగిపోతుంది. మీరు వేలితో నెడతారు, ఆ నెట్టుడుకి రాడ్లు వంగుతాయి. ముందే కరెంటు పారే లోహపు ఫ్రాగ్ పాయింట్లు కొనండి, ప్రతి పట్టా ముక్కకీ విడిగా వైరు టంకం వేయండి. టెండర్ (ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) చక్రాల నుంచి కూడా కరెంటు తీసుకునేలా చేస్తే ఇంకా మంచిది. పట్టాలు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి మంట అంటుకుంటుంది. కరెంటు ఆపి తుడవండి, ఆవిరి పోయాకే బండి నడపండి.

కొలిమిలో ఎర్రటి వెలుగు కోసం పాతరకం చిన్న బల్బులు పెడితే అట్ట గోడలు మాడతాయి. ఎల్‌ఈడీ పెట్టండి. 12 వోల్టులకి ఒక్కో ఎల్‌ఈడీకీ 1,000 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే సరిపోతుంది, ఆ మాత్రం మసక వెలుగే కొలిమికి బాగుంటుంది.

స్టాక్టన్-డార్లింగ్టన్ లైన్‌లో ఎథర్లీ, బ్రసల్టన్ గుట్టల మీదకి వ్యాగన్లని ఒకేచోట బిగించిన స్థిర ఇంజిన్లు తాళ్లతో లాగేవి. అలాంటి వాలు కడితే, దారం తెగినప్పుడు వ్యాగన్ నేల మీద పడకుండా బోర్డు అంచున చిన్న గోడ పెట్టండి. దారం చుట్టే మోటారుకి పొడవు జుట్టు, వదులు చొక్కా చేతులు దూరంగా ఉంచండి.

పిల్లలున్న ఇంట్లో వ్యాగన్లని ఒకదానికొకటి తగిలించే కప్లింగ్‌లకి వాడే బియ్యపు గింజంత అయస్కాంతాలు, బటన్ సెల్స్ మూతున్న డబ్బాలో, పైఅరలో పెట్టాలి. ఒకటికంటే ఎక్కువ అయస్కాంతాలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని చిల్లులు చేస్తాయి. బటన్ సెల్ అన్నవాహికని కాల్చేస్తుంది. మింగారని అనుమానం వచ్చినా ఆగి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిజం ఆవిరితో నడిచే మోడల్ ఇంజిన్ మీద మోజు ఉంటే దాన్ని ఫోమ్ గుట్టలున్న ఈ లేఔట్ మీదకి తేకండి, ఆరుబయట వేరే పట్టా వేసుకోండి. సేఫ్టీ వాల్వ్‌ని బిగించకండి, బాయిలర్‌లో నీళ్లు అడుగంటనివ్వకండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే గ్యాసో స్పిరిటో నింపండి.