లవ్ స్టోరీకి రివ్యూ రాసేటప్పుడు ఏం చూడాలి, ఏం రాయాలి

లవ్ స్టోరీలకి మన రివ్యూల్లో జరిగే అన్యాయం ఏంటంటే, ఫైట్ల సినిమాని చూసే కళ్ళతోనే వాటినీ చూసేస్తారు. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, పాటలు పర్లేదు, హీరోయిన్ బాగుంది, రెండున్నర. అయిపోయింది. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎందుకంత పిచ్చి పట్టిందో ఒక్క ముక్క ఉండదు, నాలాంటిది టికెట్ కొనేదే ఆ ముక్క కోసం.

ఒడిశాలో మా రాయగడ వైపు ఇంకో లెక్క కూడా ఉంది. కొత్త తెలుగు సినిమా అంటే చాలాసార్లు రైలెక్కి పార్వతీపురమో బొబ్బిలో పోవాలి. పర్లాకిమిడి వాళ్ళయితే పాతపట్నం దాటి టెక్కలి దాకా, బరంపురం వాళ్ళయితే ఇచ్ఛాపురం దాకా వెళ్ళొస్తుంటారు. రానూపోనూ ఛార్జీలు, టిఫిన్లు, ఇంట్లో చెప్పాల్సిన సంజాయిషీలు, ఇవన్నీ పెట్టుకుని బయల్దేరేవాళ్ళకి "ఒకసారి చూడొచ్చు" అని రాస్తే ఏం పనికొస్తుంది? ప్రేమ నమ్మేలా ఉందా, చివర ఏడిపిస్తారా, ఎవరితో కలిసి చూడొచ్చు. ఈ మూడూ తెలిస్తే చాలు వాళ్ళకి.

రాసే ముందు అది ప్రేమకథా, ప్రేమ కూడా ఉన్న కథా అన్నది తేల్చుకోండి. ఆ ప్రేమని మొత్తం ఎత్తేసినా సినిమా నడిచిపోతుందంటే అందులో ఉన్నది లవ్ ట్రాక్ మాత్రమే, దాన్ని పట్టుకుని ప్రేమకథగా లేదని తిట్టడం న్యాయం కాదు. అలాగని పోస్టర్ నిండా ఇద్దర్నీ గొడుగు కింద నిలబెట్టి, లోపల రెండు గంటలు కత్తులు తిప్పించారనుకోండి, ఆ మోసం గురించి మొదటి లైన్లోనే రాసేయండి.

ఇక అసలు సంగతి. ఇద్దరూ ప్రేమలో పడిన చోటు ఎక్కడో పట్టుకోవాలి. స్లో మోషన్లో జుట్టు ఎగరడం, వెనకాల వయొలిన్లు, హీరో నోరు తెరుచుకుని ఉండిపోవడం, ఇదంతా నచ్చడం వరకే. ప్రేమ ఆ తర్వాత, ఎక్కడో చిన్న పనిలో దొరుకుతుంది. ఒకరిలో ఎవరూ గమనించనిది రెండోవాళ్ళు గమనిస్తారు, లేదా తనకి అలవాటు లేని పని ఒకటి ఎదుటి మనిషి కోసం చేస్తారు. ఆ సీను ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, రివ్యూలో దాన్ని రెండు మూడు వాక్యాల్లో చూపించండి. "కెమిస్ట్రీ అదిరింది" అని రాస్తే మీకేదో నచ్చిందని తెలుస్తుంది, ఏం నచ్చిందో మాత్రం చదివేవాళ్ళకి అంతుపట్టదు.

ఉదాహరణకి 1978లో వచ్చిన మరో చరిత్ర తీసుకోండి, మన సరిహద్దు జనానికి దగ్గర కథ. తమిళ అబ్బాయి, తెలుగమ్మాయి, విశాఖపట్నం. అందులో లిఫ్టులో ఒక పాట ఉంది, అంతా తెలుగు సినిమాల పేర్లే, ఒకదాని పక్కన ఒకటి పేర్చి కట్టింది. దాని గురించి "పాట బాగుంది" అని రాస్తే అక్కడితో సరి. "ఆమె భాష అతనికి సరిగా రాదు, నోటికొచ్చిన సినిమా పేర్లతోనే ఆమెతో మాట్లాడేస్తున్నాడు" అని రాసి చూడండి, చదివేవాళ్ళకి ఆ కుర్రాడు కళ్ళముందు కనిపిస్తాడు. ఆ సినిమా తమిళంలోకి డబ్ చేయకుండానే మద్రాసులో ఏడాదికి పైగా ఆడిందంటే, భాష తెలియని జనానికి కూడా ఆ ఇద్దరూ అర్థమయ్యారన్నమాట.

తర్వాత అడ్డు. ఇద్దరి మధ్య అడ్డేంటి, అది నిజంగా అడ్డేనా? ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే అపార్థాన్ని గంటసేపు సాగదీశారంటే నేను నిర్దాక్షిణ్యంగా రాస్తాను. మరో చరిత్రలో పెద్దవాళ్ళు ఏడాదిపాటు కలవొద్దు, మాట్లాడుకోవద్దు అని షరతు పెడతారు. ఫోన్‌తో తీరేది కాదది, ఆ షరతే ఇద్దర్నీ పరీక్షిస్తుంది, చూసేవాళ్ళకి టెన్షన్ పెడుతుంది. మన వైపు సంగతే చూడండి, ఒడియా అబ్బాయి, తెలుగమ్మాయి అనగానే సినిమావాళ్ళు భాష మీద జోకులేసి ఊరుకుంటారు గానీ, సంతలో రెండూ కలిపి మాట్లాడేసే మనకి భాష ఎప్పుడు అడ్డయింది? పేచీ అంతా కులం దగ్గర, కట్నం దగ్గర. మీ చుట్టుపక్కల నిజంగా పెళ్ళిళ్ళు ఎందుకు ఆగిపోతాయో మీకు తెలుసు, దాంతో పోల్చి రాయండి. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్ళకి లేని వీలు మీకున్నది ఇక్కడే.

ఇంకోటి, ఇది మొహమాటం లేకుండా అడగాలి. అమ్మాయి సరేనన్నది ఏ సీనులో? వెంటపడి, బస్టాండులో కాపలా కాసి, స్నేహితుల్ని పంపించి, చివరికి ఆ పిల్ల నవ్వింది కాబట్టి ప్రేమే అంటే కుదరదు. వెతికినా ఆ సీను దొరక్కపోతే, దొరకలేదని రాయండి. హీరో మీకెంత ఇష్టమైనా సరే. అన్నట్టు, ఆ ఇష్టం ఉంటే ముందే ఒక మాట చెప్పేయండి, "ఈయన సినిమా ఏదొచ్చినా నేను చూస్తాను" అని. అప్పుడు మీ పొగడ్తల్లో ఎంత తగ్గించుకోవాలో చదివేవాళ్ళే చూసుకుంటారు.

పాటల గురించి ఎక్కువ అక్కర్లేదు. ప్రేమ పాటకి ముందే మొదలైందా, పాటలోనే మొదలై పాటలోనే ముదిరిపోయిందా అన్నది చూడండి చాలు. రెండో రకమైతే, కష్టమైన పనిని దర్శకుడు పాట మీద నెట్టేశాడని అర్థం.

ముగింపు దగ్గర జాగ్రత్త. ప్రేమకథల అభిమానులకి చివర కలుస్తారా లేదా అన్నది చాలా పెద్ద విషయం, కొందరు అది తెలియకుండా టికెట్ కొననే కొనరు. అందుకని నేను నవ్వా ఏడుపా అన్నంత వరకే చెప్తాను, ఎలా జరిగిందో చెప్పను. పాత సినిమాలకి ఈ పట్టింపు లేదు. ముగింపుని తూచడం నేర్చుకోవాలంటే మంచి దారి ఒకటుంది. గౌతమ్ మేనన్ 2010లో ఒకే కథని తెలుగులో ఏ మాయ చేసావేగా, తమిళంలో వేరే నటులతో తీసి, రెండూ ఒకే రోజు విడుదల చేశారు. తెలుగులో ఇద్దరూ ఒకటవుతారు, తమిళంలో అవ్వరు. వీలైతే రెండూ చూసి, అప్పటిదాకా నడిచిన కథకి ఏ ముగింపు అతికిందో ఒక పేరా రాయండి. కలిశారు కాబట్టి మంచిది, విడిపోయారు కాబట్టి గొప్పది అన్న రెండు మాటలూ వాడకుండా రాయాలి. మొదట్లో చేయి తిరగదు. నాకైతే తెలుగు ముగింపే ఇష్టం, అయితే కథ మాత్రం తమిళ ముగింపు వైపే మొగ్గుతుందనిపిస్తుంది. ఇలా ఇష్టం ఒకవైపు, తీర్పు ఒకవైపు ఉంటే రెండూ రాసేయండి, దాచక్కర్లేదు.

రాసే ముందు ఇంట్లో ఒకరికి నోటితో చెప్పి చూడండి. నాకు మా వదిన ఉంది.

"ఏటే, బాగుందా?"

"బాగుంది వదినా."

"బాగుందంటే సరా? ఆ పిల్లకి ఆడెందుకు నచ్చినాడు?"

"మంచోడు కదా..."

"మంచోళ్ళు మన వీధి నిండా ఉన్నారు. ఈడే ఎందుకు?"

దీనికి జవాబు దొరికే దాకా నేను ఫోన్ తీసి టైప్ చెయ్యను. దొరికినదే నా రివ్యూలో మొదటి పేరా, మిగతావి దాని వెనకాల వస్తాయి. ఎంత ప్రయత్నించినా దొరకలేదంటే సినిమాలోనే లేదన్నమాట, అప్పుడు అదే రాస్తాను.

రేటింగ్ ఇవ్వాలంటే ఇవ్వండి, జనం అడుగుతారు. దానికంటే చివర్లో ఎవరితో వెళ్ళాలో ఒక లైన్ రాస్తే మా వైపు జనానికి ఎక్కువ ఉపయోగం. "వదినతో, అక్కతో వెళ్ళొచ్చు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. మామగారిని మాత్రం తీసుకెళ్ళకండి, ఇంటర్వెల్ తర్వాత ఒక పాటుంది."