పాత వీసీఆర్ మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంట్లోని వీడియో క్యాసెట్లన్నీ డిజిటల్‌లోకి మారేవరకు వాటిని ఆడించే పాత వీసీఆర్‌ను పాతసామాన్లవాడికి ఇవ్వకండి. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ, వీసీఆర్‌లను చివరివరకు చేసినది, 2016 జులైలో వాటి తయారీ ఆపేసిన తరువాత కొత్తవి రావడం లేదు గనుక, ఉన్నదాన్ని బాగుచేయించుకోవడమో, చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ వంటి చోట వాడిన యంత్రాన్ని వెదకడమో తప్ప దారి లేదు.

వాడినది కొనేటప్పుడు పెళ్లి క్యాసెట్‌ను కాక, పోయినా బాధపడని క్యాసెట్‌ను వెంట తీసుకువెళ్లి, ప్లే, రివైండ్ రెండూ దుకాణంలోనే చేయించి చూడండి. యంత్రం మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ (PAL) పద్ధతిదేనా అని తప్పక అడగండి. అమెరికా, జపాన్‌ల పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ (NTSC) మాత్రమే ఉన్నదానిలో మన క్యాసెట్లు సరిగా ఆడవు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఈ చెన్నై తేమ. మా అమ్మగారి బీరువాలోని క్యాసెట్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే, టేపు చుట్టల అంచున బియ్యప్పిండి చల్లినట్టు తెల్లని బూజు కనిపించింది. అటువంటి దానిని శుభ్రం చేయించకుండా యంత్రంలో పెడితే, బూజు టేపును చదివే భాగమైన హెడ్‌కు అంటుకుని, తరువాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది.

ఇక టీవీ కార్యక్రమాల కోసం రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్సు తీసుకుంటే, అందులో భద్రపరచినవి సాధారణంగా ఆ బాక్సులోనే ఆడతాయని, బాక్సు మారితే అవి చేజారతాయని గుర్తుంచుకోండి. కొత్త టీవీకి వీసీఆర్ నుంచి వచ్చే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే చోటు ఉందో లేదో కూడా చూసుకోండి.

క్యాసెట్ల డిజిటల్ కాపీలు రెండు హార్డ్‌డిస్కుల్లో తీసి, ఒకదాన్ని నెల్లూరులోనో మరెక్కడో ఉన్న దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచండి.