అలోహాల సంయోగం – 3వ పాఠం: ఇనుము, గంధకం

పోయిన పాఠంలో సోడియం నుంచి క్లోరిన్‌కు ఎలక్ట్రాన్ ఎలా చేరుతుందో కాగితం మీద వేశాం. ఈసారి చేసి చూద్దాం. కళ్లద్దాలు తప్పనిసరి. గాలి బాగా ఆడేచోటే చేయాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు చదివి ఊరుకోండి.

ముందు తూకం. ఇనుము పరమాణు భారం 56, గంధకానిది 32. పరమాణువుకు పరమాణువు చొప్పున కలుస్తాయి గనుక బరువులో 7 పాళ్లకు 4 పాళ్లు. సన్నటి ఇనుప రజను 3.5 గ్రాములు, గంధకం పొడి 2 గ్రాములు కాగితం మీద బాగా కలపండి. బూడిద తెగులుకని పురుగుమందుల దుకాణంలో అమ్మే 80 శాతం గంధకం ఇక్కడ పనికిరాదు. మిగతా 20 పాళ్లు వేరే పదార్థాలు, తూకం తప్పుతుంది. (దాన్ని ‘నీటిలో కరిగే గంధకం’ అంటారు గానీ అది కరగదు, నీళ్లలో చెదిరి తేలుతుందంతే.)

అయస్కాంతానికి కాగితం చుట్టి ఈ పొడి మీద తిప్పండి. రజను పైకి లేస్తుంది, పసుపు పొడి కిందే ఉంటుంది. అంటే ఇది ఇంకా మిశ్రమమే.

అందులోంచి 2 గ్రాములు గట్టి గాజు పరీక్షనాళికలో పోసి, మూతి దగ్గర మినరల్ ఊల్ (మంటకు అంటుకోని దూదిలాంటి పదార్థం) ఉండ వదులుగా పెట్టండి. బిగించి కూరితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అసలు పెట్టకపోతే గంధకం ఆవిరి బయటికొచ్చి నీలిమంటతో అంటుకుంటుంది. అంటుకుంటే తడిగుడ్డతో మూతి కప్పేయండి. నాళికను పట్టుకర్రతో వాల్చి పట్టుకుని అడుగున వేడిచేయాలి. 115 డిగ్రీల దగ్గర గంధకం కరుగుతుంది, తర్వాత ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఒకచోట నారింజ రంగు నిప్పు కనబడగానే మంట తీసేయండి. అసలు పాఠం ఇక్కడే ఉంది: మంట లేకపోయినా ఆ నిప్పు పొడంతా పాకుతుంది. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు వదిలి గంధకం అందుకున్నాక, అలా విద్యుదావేశం వచ్చిన పరమాణువులు (అయాన్లు) ఒకదాన్నొకటి పట్టుకోవడంలో వెలువడే శక్తే దాన్ని నడిపిస్తుంది.

పూర్తిగా చల్లారాక నాళికను గుడ్డలో చుట్టి పగలగొట్టండి. నల్లటి గడ్డ ఐరన్ సల్ఫైడ్. అయస్కాంతం దాన్ని ఇంకా కొద్దిగా లాగితే ప్రయోగం చెడిందనుకోవద్దు. రజను ముతకగా ఉంటే పైపొర మాత్రమే మారి లోపలి ఇనుము అలాగే మిగులుతుంది.

నువ్వుగింజంత ముక్క మీద సజల హైడ్రోక్లోరికామ్లం ఒక్క చుక్క వేస్తే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కనుక ‘వాసన పోయింది, ప్రమాదం తప్పింది’ అనుకోకూడదు.

ఇదే ఇనుమును గంధకానికి బదులు క్లోరిన్‌లో వేడిచేస్తే మూడు ఎలక్ట్రాన్లు పోయి ఫెర్రిక్ క్లోరైడ్ వస్తుంది. ఎలక్ట్రాన్లను లాగే బలం క్లోరిన్‌కు ఎక్కువ. గంధకమే ఆక్సిజన్‌లో మండితే ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు, రెండూ అలోహాలే గనుక ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. అలా వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ తడి నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది.

అభ్యాసం: 10.5 గ్రాముల ఇనుము, 8 గ్రాముల గంధకం పూర్తిగా చర్య జరిపితే ఏది ఎంత మిగులుతుంది, సల్ఫైడ్ ఎంత వస్తుంది? మిగిలింది నాళికలో ఎక్కడ పేరుకుంటుందో కూడా రాయండి.

జవాబు: 2 గ్రాముల గంధకం, 16.5 గ్రాముల సల్ఫైడ్. గంధకం పైభాగాన చల్లటి గోడకు పసుపు పొరగా అంటుకుంటుంది.