ఆది తాళం వేస్తూ సల్సా వినడం ఎలా

మా అక్క కొడుకు సరుకుల ఓడలో పనిచేస్తాడు. సోంపేట వైపు చాలా ఇళ్ళలో అలాంటి కుర్రాడు ఒకడు ఉంటాడు. కిందటి వేసవిలో సెలవు మీద వచ్చి, విజయనగరంలో మా ఇంట్లో వారం రోజులు ఉన్నాడు. "మావయ్యా, పనామా వైపు వెళ్ళినప్పుడల్లా రేవుల్లో ఈ పాటలే వినిపిస్తాయి. ఇందులో తాళం ఏమిటో నాకు అంతుపట్టదు, నువ్వు చెప్పు" అంటూ ఒక ఆల్బమ్ వినిపించాడు. అది మార్క్ ఆంథోనీ అనే గాయకుడు 2013లో విడుదల చేసిన '3.0', లాటిన్ అమెరికా నాట్య సంగీతమైన సల్సా పాటల ఆల్బమ్. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు మృదంగం నేర్పుతున్న నాకు కూడా మొదటి రోజు అది చేతికి చిక్కలేదు. మూడో రోజుకు దారి దొరికింది. మన సంగీతం కొద్దిగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ దారిన వెళ్ళవచ్చు.

ముందుగా, ఫోను స్పీకర్లో వినకండి. నేను చేసిన పొరపాటు అదే. సల్సాకు నేల బేస్ అనే మంద్ర తీగవాద్యం. ఫోనులో అది వినిపించదు, మిగిలిన వాద్యాలన్నీ గాలిలో తేలుతున్నట్టు ఉంటాయి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు చాలు, మంచి సౌండ్ బాక్స్ ఉంటే మరీ మంచిది.

తరువాత పాట ఆపేసి, తాళం నేర్చుకోండి. సల్సా అంతా 'క్లావే' అనే ఒక లెక్క మీద నిలబడుతుంది. అది క్యూబా నుంచి వచ్చింది. సల్సా అనే పేరు 1960లు, 70లలో న్యూయార్క్‌లో స్థిరపడింది కానీ, లోపలి ఎముక మాత్రం క్యూబా 'సోన్' సంగీతానిది. క్లావే అంటే రెండు కర్రముక్కలు కూడా. హవానాలో ఓడలు కట్టేవాళ్ళు వాడిన చెక్క మేకుల నుంచి అవి పుట్టాయని చెబుతారు. మా మేనల్లుడికి ఈ సంగతి చాలా నచ్చింది.

ఆ లెక్క ఇది. తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం పదహారు అక్షరాలు. ప్రతి మాటలోనూ మొదటి అక్షరం మీద మాత్రమే దెబ్బ వేయాలి. అంటే పదహారింటిలో ఐదు దెబ్బలు.

ఇప్పుడు దీన్ని ఆది తాళం మీద పెట్టండి. చేతితో వేసే ఎనిమిది క్రియలు, క్రియకు రెండు అక్షరాలు, సరిగ్గా ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. ముందు లఘువు: ఒక చప్పట్లు, మూడు వేళ్ళ లెక్క. తరువాత రెండు ద్రుతాలు: ఒక్కోదానిలో ఒక చప్పట్లు, ఒకసారి చెయ్యి తిప్పడం. మొదటి దెబ్బ లఘువు చప్పట్ల మీదే పడుతుంది. రెండోది చిటికెన వేలు లెక్కపెట్టి ఉంగరపు వేలికి వెళ్ళే లోపు, సగంలో పడుతుంది. మూడోది నడిమి వేలి మీద. అంటే లఘువులో మూడు. నాలుగోది మొదటి ద్రుతంలో చెయ్యి తిప్పినప్పుడు, ఐదోది రెండో ద్రుతం చప్పట్ల మీద. ద్రుతాలలో రెండు. దీన్నే వాళ్ళు 'మూడు-రెండు క్లావే' అంటారు. ఇది కాగితం మీద రాసుకుని చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అట్లాంటిక్ అవతల పుట్టిన లెక్క మన లఘువు, ద్రుతాల సరిహద్దు దగ్గరే రెండుగా విడిపోతోంది!

కష్టమంతా ఒక్కచోట ఉంది. మొదటి ద్రుతం చప్పట్ల మీద క్లావే దెబ్బ లేదు. మూడో మాటలోని 'ధి' దగ్గర ఆ చప్పట్లు పడతాయి, కర్ర మాత్రం మౌనంగా ఉండాలి. నా దగ్గర నేర్చుకునే పదేళ్ళ పాప చేతికి కోలాటం కోలలు ఇచ్చి, నేను తాళం వేశాను. ప్రతిసారీ అక్కడ కోల దానంతట అదే కొట్టేసేది. చివరికి 'ధి' అనేటప్పుడు ఊపిరి లోపలికి తీసుకోమన్నాను. చేయి ఆగింది. మీరూ అలాగే చేయండి, ఇద్దరు కలిసి ఒకరు తాళం, ఒకరు కోలలు పట్టండి. కోలను గుప్పిట బిగించి పట్టుకుంటే మొద్దు శబ్దం వస్తుంది. ఎడమ చేతిని దొప్పలా చేసి, వేళ్ళ చివరల మీద కోలను వదులుగా ఆనించి, మధ్యలో రెండో కోలతో కొట్టండి. అరచేతి కింది ఖాళీలోంచి టంగుమని నాదం పలుకుతుంది.

విలంబంలో, అంటే నెమ్మదిగా, పావుగంట పట్టండి, తరువాత మధ్యమ వేగం. తొందర వద్దు. మా విజయనగరంలో మహారాజా వారు 1919లో సంగీత కళాశాల పెడితే దానికి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. చేతులకు, కాళ్ళకు, తలకు వేర్వేరు తాళాలు అప్పగించి నడిపించిన ఆయన ఊరు ఇది. మనం రెండింటితో మొదలుపెడదాం.

ఇక పాట పెట్టండి. మొదట 'వివిర్ మి విదా' వినండి. ఇది అల్జీరియా గాయకుడు ఖాలెద్ 2012లో పాడిన పాటకు స్పానిష్ సల్సా రూపం. సెర్జియో జార్జ్ ఈ ఆల్బమ్ నిర్మాణంలో పాలుపంచుకున్నారు. మాటల అర్థం ఇప్పుడే వెతకవద్దు. కాంగా మద్దెలను పట్టుకోండి. చిటికెన వేలి దగ్గర 'టప్' అని ఒక చరుపు, నడిమి వేలి దగ్గర 'తోం తోం' అని తెరిచిన రెండు దెబ్బలు. ద్రుతాలలోనూ అంతే, చివరిసారి చెయ్యి తిప్పేటప్పుడు మళ్ళీ 'తోం తోం'. ఇది దొరికితే ఇక దారి తప్పరు.

అది దొరికాక బేస్ మీదకు వెళ్ళండి. మనవాళ్ళకు అసలు రుచి ఇక్కడే ఉంది. బేస్ సాధారణంగా సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద, కొట్టదు. ముందు ఆవర్తనం చివరి క్రియ మీదే, రాబోయే స్వరాన్ని పలికించేసి ఊరుకుంటుంది. తాళం కంటే ముందే పాట ఎత్తుకోవడాన్ని మనం అతీత ఎడుపు అంటాం కదా, అలాంటిదే పాట పొడుగునా జరుగుతుంది. సమం ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలోకి నాట్యం చేసేవాళ్ళ కాలు పడుతుంది. పాట ముందుకు తోసుకుపోతున్నట్టు అనిపించడానికి కారణం అదే.

కోలలు పాటతో పోట్లాడుతున్నట్టు ఉంటే కంగారు పడకండి. చాలా సల్సా పాటలు 'రెండు-మూడు'లో, అంటే ద్రుతాల వైపు నుంచి ఎత్తుకుంటాయి. తక దగ్గర మొదలుపెట్టకుండా, దాని ముందున్న 'ధిమి' నుంచి లెక్క పెట్టి చూడండి: ధిమి తక తకధిమి, తకిట తకిట తక. గాయకుడి మాటలు, ట్రంపెట్ల విరుపులు ఏ వైపు దెబ్బలతో కలిసిపోతాయో అదే సరైన వైపు.

పాట సగం దాటాక గుంపు ఒకే చిన్న మాట పదే పదే పాడటం, మధ్యలో గాయకుడు ప్రతిసారీ కొత్త మాట విసరడం గమనించండి. మన జముకుల కథలో కథకుడు ఒక మాట అంటే, వంతపాడేవాళ్ళు అందుకున్నట్టే ఉంటుంది. గుంపు మాటను 'కోరో' అని, గాయకుడి మాటను 'ప్రెగోన్' అని అంటారు. అలా అల్లగలిగిన గాయకుణ్ణి 'సోనెరో' అంటారు. ఇక్కడే ఆవుమెడ గంట లాంటి కాంపానా గట్టిగా మోగడం మొదలవుతుంది. నాకు ఆల్బమ్ మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే.

రెండో రోజు 'ఫ్లోర్ పాలిదా' వినండి. పేరుకు 'పాలిపోయిన పువ్వు' అని అర్థం. అది 2002లో కారు ప్రమాదంలో చనిపోయిన క్యూబా పల్లె గాయకుడు పోలో మోంతానియెస్ పాట. ఆయన గొంతులోనూ ఒకసారి విని, మళ్ళీ మార్క్ ఆంథోనీ దగ్గరకు రండి. పల్లె పాటకు పెద్ద వాద్యబృందం ఏమి చేర్చిందో తెలుస్తుంది. అర్థాలు ఈ రోజు చదువుకోవచ్చు.

దుకాణాల్లో, యాప్‌లలో ఈ ఆల్బమ్ 'ట్రాపికల్' అనే వరుసలో కనిపిస్తుంది. ఆ వరుసలో మెరెంగే, బచాతా కూడా ఉంటాయి. వాటి నడకలు వేరు, ఈ లెక్కతో వాటిని కొలవకండి.

ఆల్బమ్ చివర 'వివిర్ మి విదా' మళ్ళీ వస్తుంది, పాప్ రూపంలో. కోలలు కింద పెట్టకుండా, అదే తాళం వేస్తూ వినండి. నడిమి వేలి దగ్గర 'తోం తోం' కోసం వెతకండి, సమం మీద ఎవరు కొడుతున్నారో చూడండి.